భీమిలిని బీచ్ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి

విశాఖ జిల్లా పర్యాటక, పురపాలక అధికారులకు, భీమిలి గురించి బోర్డులు, బ్రోచర్లు, వీడియోలు తయారుచేసే అందరికీ ఒక బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

భీమిలి పేరు ఈ మధ్య బాగా వినబడుతోంది. ఒక పక్క భోగాపురం ఎయిర్‌పోర్టు, ఇంకో పక్క మధురవాడ దాటి ముందుకు జరుగుతున్న అపార్ట్‌మెంట్లు, మధ్యలో బీచ్ రోడ్డు. ఎవరు ఏ కొత్త ప్రాజెక్టు గురించి మాట్లాడినా అందులో మా ఊరి ప్రస్తావన ఉంటోంది. దాంతోపాటే ఊరిని పరిచయం చేసే రాతలూ పెరిగాయి. పర్యాటకుల చేతిలో పెట్టే కాగితమైనా, ప్లాట్లు అమ్మే పాంప్లెట్ అయినా పాఠం దాదాపు ఒకటే. విశాఖకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం, అందమైన బీచ్, డచ్చివాళ్ల ఆనవాళ్లు, దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఒకటి, భీముడి పేరు మీద వెలిసిన ఊరు. అక్కడితో సరి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇంతమాత్రం చదివి వచ్చిన మనిషి కారు దిగుతాడు, సముద్రం ముందు నిలబడి ఫొటో తీసుకుంటాడు, మొక్కజొన్న పొత్తు తింటాడు, చీకటి పడకముందే వెనక్కి తిప్పుతాడు. ఆయన్ని అనడానికి ఏముంది? ఆయనకి చెప్పిందే అంత.

నేను ఈ ఊరివాణ్ణి. ఊరికి ఇంకా నాలుగు పొగడ్తలు చేర్చమని ఈ లేఖ రాయడం లేదు. పరిచయంలో లేనిది రేపు ప్లానులోకీ రాదు. ఏ స్థలం గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయలేదో ఆ స్థలం ఖాళీ స్థలం కింద లెక్క. ఖాళీ స్థలం అన్నాక దానికి ఒక సర్వే నంబరు, ఒక రేటు, ఒక బ్రోకరు పుట్టుకొస్తారు. అందుకని ఊరి గురించి రెండు పేజీలు రాసేవాళ్ల మీద, ఊరికి రోడ్డు వేసేవాళ్ల మీద ఉన్నంత బాధ్యత ఉందని నా నమ్మకం. కొత్త బోర్డులు, కొత్త కరపత్రాలు వేసేముందు ఒకసారి ఈ ఊరిని లోపలి నుంచి చూడండని అడుగుతున్నాను.

భీమిలికి సిటీ బస్సులు రెండు దారుల్లో వస్తాయి. 900కె బీచ్ రోడ్డు మీదుగా, 999 తగరపువలస మీదుగా. ఇప్పటివరకు వచ్చిన పరిచయాలన్నీ 900కె ఎక్కినవాళ్లు రాసినవే అనిపిస్తుంది నాకు. ఆ దారి బాగుంటుంది, కాదనను. రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, దారి పొడుగునా కుడిచేతి వైపు సముద్రం. ఎవరికైనా మనసు హాయిగానే ఉంటుంది. 999 ఎక్కితే కిటికీలోంచి సముద్రం కనబడదు. హైవే మీద లారీలు, ఆనందపురం, తగరపువలసలో సామాను సంచులతో ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ, దాన్ని ఆనుకునే చిట్టివలస, గోస్తని. ఊరు ఎలా బతికిందో తెలియాలంటే ఎక్కాల్సింది ఈ బస్సు.

చిట్టివలసలో ఒక జూట్ మిల్లు ఉండేది. 2009లో మూతపడింది. ఈ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకి షిఫ్టు కూతే గడియారం. ఆ మిల్లు ఇక్కడికి ఊరికే రాలేదు. ఉత్తరాంధ్ర మెట్ట పొలాల్లో గోగు పండించి, కోసిన కట్టల్ని చెరువుల్లో ఊరబెట్టి, కుళ్లిన తొక్క నుంచి నార తీసి, బళ్ల మీద ఇక్కడికి తెచ్చేవాళ్లు. ఇక్కడి నుంచి ఓడలెక్కేది. బజార్లలో ఆ గోగునారకి ‘బిమ్లీ జూట్’ అనే పేరు నిలిచిపోయింది. ఎక్కడో విదేశంలో గోతం కుట్టే మనిషికి కూడా తెలిసిన పేరు మాది. బీచ్ చూసి ఎవరూ పెట్టింది కాదు ఆ పేరు. ఈ సంగతి మీ పరిచయంలో ఒక్క వాక్యంగా ఉన్నా, మిల్లులో పనిచేసి ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నవాడో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నవాడో అది తన కథ అనుకుంటాడు. టూరిజం అంటే బయటివాళ్లకి చెప్పడమే కాదు కదా.

అసలు ఇక్కడ రేవు ఎందుకు వచ్చింది? గోస్తని వల్ల. అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర మొదలై, తాటిపూడి దాటి, మా ఊరి పక్కనే సముద్రంలో కలుస్తుంది. ఆ నది వెంబడి లోపలి ఊళ్ల సరుకు, ఎదురుగా లంగరు వేసుకోవడానికి అనువైన సముద్రం. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ దిగింది మన సూర్యోదయాలు చూడ్డానికి కాదు, మన నేతగాళ్ల బట్ట కోసం. ఓడలు ఒడ్డుకి వచ్చేవి కావు. దూరంగా ఆగేవి. అలల్ని దాటుకుని సరుకు మోసేది మసూలా పడవలు. మేకు అన్నది లేకుండా, పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టిన పడవలు అవి. ఇనుప మేకుల పడవైతే అల కొట్టిన దెబ్బకి బిగుసుకుపోయి పగులుతుంది, కుట్టిన పడవ వంగి నిలబడుతుంది. ఆ పడవలు కుట్టినవాళ్లూ, నడిపినవాళ్లూ ఇక్కడి సముద్రం మీద బతికినవాళ్లే. డచ్చి వర్తకుడి సమాధి గురించి ఒక పేరా రాసినప్పుడు, ఆ సరుకు ఒడ్డు చేర్చినవాళ్ల గురించి ఒక వాక్యమైనా రాయాలని అడగడం పెద్ద కోరికేం కాదనుకుంటాను.

1824 నాటి ఒప్పందం తర్వాత 1825లో ఊరు డచ్చివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1861లో మున్సిపాలిటీ అయింది. లైట్‌హౌస్, చర్చి, పాత బంగళాలు ఆ శతాబ్దపు ఊరి గుర్తులు. మరి అంత వెలిగిన రేవు చిన్న ఊరుగా ఎందుకు మిగిలిపోయింది? ఏ పరిచయంలోనూ జవాబు దొరకని ప్రశ్న ఇదే, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేదీ ఇదే. 1890లలో మద్రాసు, కలకత్తాల మధ్య రైలు మార్గం పడ్డప్పుడు అది విజయనగరం, కొత్తవలస, వాల్తేరు మీదుగా వెళ్లిపోయింది. భీమిలికి స్టేషన్ రాలేదు. ఈ రోజుకీ లేదు. 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. ఓడ నేరుగా గట్టుకి ఆనుకునే చోటు, పక్కనే రైలు. ఇక అలల మీద పడవల్లో సరుకు మోయించే రేవుకి ఎవరొస్తారు? అప్పటిదాకా ఒకే తీరం మీద పక్కపక్కన ఉన్న రెండు ఊళ్లలో ఒకటి మహానగరం అయింది, ఇంకోటి దానికి శివారు అయింది. భీమిలి ప్రశాంతంగా ఉంటుందని పర్యాటకులు మెచ్చుకుంటారు. ఆ ప్రశాంతత వెనక చేజారిన రైలు ఒకటి, చేజారిన హార్బరు ఒకటి ఉన్నాయని కూడా వాళ్లకి చెప్పండి. నిజం తెలిస్తే ఊరు ఇంకా నచ్చుతుంది, తగ్గదు.

ఇప్పుడు ఆ పాత మున్సిపాలిటీ కూడా లేదు. మహానగర పాలక సంస్థలో కలిసిపోయాం. 98 వార్డుల్లో మావి కొన్ని. కలవడం మంచిదా చెడ్డదా అన్న వాదన మా టీ కొట్ల దగ్గర ఇంకా తెగలేదు, ఇక్కడ తేల్చబోవడం లేదు. ఒక్క లెక్క మాత్రం చెప్తాను. గోస్తని మీద తాటిపూడి రిజర్వాయరు కట్టారు, ఆ నీళ్లు విశాఖ తాగుతుంది. విశాఖ చెత్త కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి వస్తుంది, అది మా భీమిలి మండలంలో ఉంది. మంచినీళ్లు అటు, చెత్త ఇటు. గాలి ఇటు తిరిగిన రోజున బీచ్ రోడ్డు మీద కారు అద్దాలు దించుకున్న పర్యాటకుడికి ఆ యార్డు పరిచయం మీరు చేయకపోయినా దానంతట అదే జరుగుతుంది. బ్రోచర్‌లో చెత్త గురించి రాయమని అడగడం లేదు. శివారు అన్న మాట తేలిగ్గా వాడేటప్పుడు ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఎవరి వాటా ఎంతో ఒకసారి గుర్తు చేసుకోమంటున్నాను.

డచ్ సమాధుల సంగతికి వస్తాను, ఎందుకంటే మీరు తప్పకుండా రాసేది వాటి గురించే. పిరమిడ్‌లా పైకి సన్నబడిన కట్టడాలు, వాటి మీద రాతిలో చెక్కిన అక్షరాలు, చుట్టూ ముళ్ల కంపలు, మేకలు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. గచ్చు పొరలు పొరలుగా రాలిపోయింది, ఇటుక బయటపడింది, కానీ రాతి మీద అక్షరం ఇంకా వేలికి తగులుతుంది. ఇక్కడి ఉప్పుగాలి ఇనుముని బతకనివ్వదు. పాత ఇళ్ల కిటికీ ఊచలు తుప్పు పట్టి, ఉబ్బి, గోడని లోపలి నుంచి చీల్చేస్తాయి. అందుకే ఒక మనవి: మీరు కొత్తగా బోర్డులు పెడితే దయచేసి ఇనుప రేకు మీద పెయింట్ వేయించకండి. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి మీ పేర్లూ, మంత్రిగారి పేరూ కలిసి తుప్పై రాలిపోతాయి. రాయి మీద చెక్కించండి. ఇక్కడ ఏది నిలబడుతుందో సమాధులు చూపిస్తూనే ఉన్నాయి.

ఆ రాయి మీద ఏం రాయాలన్నది ఇంకా ముఖ్యం. ‘డచ్ వారి వైభవానికి నిదర్శనం’ లాంటి మాట వద్దు. వాళ్లు వర్తకానికి వచ్చినవాళ్లు, జ్వరాలతోనో, ఓడ ప్రయాణాల అలసటతోనో ఇక్కడ పోయారు. తల్లులూ, పిల్లలూ ఉన్నారు వాళ్లలో, జాలిపడాల్సిందే. అదే కాలంలో కోరమండల్ తీరం నుంచి కరువులో చిక్కిన మనుషుల్ని బానిసలుగా కొని ఓడలెక్కించిందీ వాళ్ల డచ్ ఈస్టిండియా కంపెనీయే. ఇది కూడా చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. రెండూ రాయండి. బడి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లే మాస్టార్లకి చెప్పడానికి ఒక సంగతి దొరుకుతుంది. ఇప్పుడైతే పిల్లలు ఆ సమాధుల మీదెక్కి దూకి వచ్చేస్తున్నారు, ఎందుకు దూకకూడదో ఎవరూ చెప్పలేదు కాబట్టి.

బీచ్ గురించి నాకున్న అసలు ఫిర్యాదు ఇది: ఆ ఇసుక చాలామందికి ఆఫీసు. తెల్లారకముందు వెళ్లి చూడండి. తెప్పలు, ఫైబర్ పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకి వస్తుంటాయి. అల వెనక్కి లాగే క్షణం చూసుకుని, ముందుకి తోసే అల కోసం ఆగి, అందరూ ఒక్కసారే భుజం పెట్టి పడవని పైకి నెట్టుతారు. కొన్ని రోజుల్లో అలివి వల లాగుతారు. రెండు తాళ్లు, రెండు వరసల మనుషులు, సముద్రంలో అర్ధచంద్రంలా వేసిన వలని అంగుళం అంగుళం ఒడ్డుకి తెస్తారు. వల దగ్గరికి వచ్చేకొద్దీ రెండు వరసలూ దగ్గరవుతాయి, కేకలు పెరుగుతాయి. చివర్లో వల కడుపు ఇసుక మీదకి వచ్చాక గానీ తెలియదు అందులో కవళ్లు ఉన్నాయో, నెత్తళ్లు ఉన్నాయో, ఉత్త జెల్లీ చేపలు ఉన్నాయో. అప్పుడు వేలం పాట మొదలవుతుంది. పాట పాడేది, తట్టలకి ఎత్తేది, బేరం తెంచేది ఎక్కువగా ఆడవాళ్లే. కోనాం, చందువా పడితే మాటల జోరు మారిపోతుంది. మంచి సరుకు ఐస్ పెట్టెల్లో సిటీకి వెళ్తుంది. మిగిలింది ఉప్పు పట్టించి ఎండలో ఆరబెడతారు. వాసన వస్తుందని ముక్కు మూసుకునే పర్యాటకులకి అది ఒక ఇంటి నెల ఖర్చు వాసన అని ఎవరు చెప్పాలి? మీరే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. సరిగ్గా అవే వేసవి సెలవులు, సరిగ్గా అప్పుడే బీచ్‌కి జనం విరగబడతారు. ఒక పక్క పడవలు పైకి లాగి, వలలు బాగుచేసుకుంటూ ఖాళీ జేబుతో కూర్చున్న మనుషులు, ఇంకో పక్క ఆ పడవల్ని ఆనుకుని రీల్స్ తీసుకునే మనుషులు. ఆరబెట్టిన వల మీదుగా బైకు పోనిచ్చినవాళ్లని నేను చూశాను. వల ఖరీదు ఆ కుర్రాడికి తెలియదు, తెలిస్తే పోనివ్వడు. పడవలు దించే చోటు ఇది, వలలు ఆరబెట్టే చోటు ఇది, బండ్లు ఇక్కడి దాకానే అని హద్దు పెట్టి రాసేస్తే సగం గొడవ తీరుతుంది. ఆ హద్దు రాతలో ఉంటే రేపు రిసార్టు కోసం ఎవరైనా ప్రహరీ లేపబోయినప్పుడు అడ్డం చెప్పడానికి ఒక కాగితమైనా ఉంటుంది. మరుగుదొడ్ల గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. పర్యాటకులకి కట్టినవి చేపల ఆడవాళ్లు కూడా వాడుకునేలా తెల్లవారుజామున నాలుగింటికే తెరిచి ఉంచండి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం నేను మిమ్మల్ని మెచ్చుకోవాలి, ఎందుకంటే పరిచయం అన్నది ఎలా కాపాడుతుందో అక్కడ ఋజువైంది. ఒకప్పుడు అవి సినిమావాళ్లకి లొకేషన్, మాకు పిల్లకాయలం దాక్కునే చోటు, అంతే. నిజానికి పేరుకే మట్టి, అది ఇసుక. మంచుయుగపు చివర సముద్రం ఇప్పటికంటే చాలా వెనక్కి వెళ్లినప్పుడు, బయటపడ్డ ఇసుకని గాలి ఎగరేసి ఇక్కడ పోగేసింది. అందులోని ఇనుము గాలికి ఎర్రబడింది. వేల ఏళ్ల వానలు దాన్ని కోసి, కోసి, మనిషి నిలబడితే కనబడనంత లోతు గండ్లు చేశాయి. ఉష్ణమండలంలో ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు చాలా అరుదు, తమిళనాట తేరి ఇసుక నేలల్లో, శ్రీలంకలో ఉన్నాయి. సముద్రం ఎప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో, వాతావరణం ఎప్పుడు ఎలా మారిందో చదవడానికి జియాలజీవాళ్లకి అవి పుస్తకం. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి.

ఆ మధ్యలో, 2024 జులైలో, పక్కనే ప్లాట్ల కోసం నేల చదును చేయడం మొదలైతే ఊళ్లోవాళ్లూ, పర్యావరణంవాళ్లూ, పేపర్లూ గోల చేశారు, పని ఆగింది. గోల ఎందుకు చేయగలిగారు? అది ఏమిటో అప్పటికే అందరికీ తెలుసు కాబట్టి. బోర్డు ఉంది, బడి పుస్తకంలో ఉంది, నలుగురి నోళ్లలో ఉంది. పేరు లేని దిబ్బ అయివుంటే ఒక శని ఆదివారాల్లో నేలమట్టమయ్యేది, సోమవారం మనం ఆ లేఅవుట్ హోర్డింగు చూసేవాళ్లం. ఇప్పటికైనా గండ్ల అంచుల మీదకి ఎక్కకుండా ఒక తాడు కట్టించండి. ఆ ఇసుకకి గట్టిదనం లేదు, ఒక్కో అడుగు వేసినప్పుడల్లా అంచు రాలుతుంది. మనిషి కూడా రాలతాడు.

దిబ్బలకి దక్కిన ఈ అదృష్టం పావురాలకొండకి దక్కలేదు. ఊరి నెత్తిమీదే ఉంది ఆ కొండ, నరసింహస్వామి గుడి పేరుతో అందరికీ తెలుసు. పైన రాతిలో తొలిచిన నీటి తొట్లు, బౌద్ధ భిక్షువుల విహారాల ఆనవాళ్లు ఉన్నాయి. తొట్లకొండ, బావికొండలకి తవ్వకాలు జరిగాయి, మెట్లు వచ్చాయి, టికెట్టు వచ్చింది. తొట్లకొండ సంగతి నేవీవాళ్లు సర్వే చేస్తుండగా బయటపడింది. మా కొండ కూడా ఆ వరసలోదే. ఒక తీరం, దాని మీద వర్తకం, పైన కొండల మీద వర్తకుల దానాలతో బతికిన భిక్షువులు. వానకి నిండే ఆ తొట్ల దగ్గర నిలబడితే కింద నది, సముద్రం కలిసే చోటు మొత్తం కనిపిస్తుంది. భీమిలిని ఒక్క చూపులో అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. అక్కడ ఒక బోర్డు, ఎక్కడానికి సరైన బాట, దాహానికి మంచినీళ్లు, ఇంతే అడుగుతున్నాను. రోప్‌వే మాత్రం వద్దు స్వామీ.

లోపలి వైపు కూడా రెండు పేర్లు చేర్చాలి. పద్మనాభం. 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి ప్రాణం వదిలిన చోటు. అక్కడి కొండమీద అనంత పద్మనాభస్వామి గుడి, వెయ్యికి పైగా మెట్లు, కార్తీక అమావాస్యనాడు ఆ మెట్లన్నిటి మీదా దీపాలు. రెండోది పాండ్రంగి, గోస్తని ఒడ్డున. 1897 జులై 4న అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు. భోగాపురంలో విమానం దిగేవాళ్లకి ఆ ఎయిర్‌పోర్టుకి ఎవరి పేరు పెట్టారో తెలుస్తుంది, ఆయన పుట్టిన ఊరు ఎటు ఉందో తెలియకపోతే మన పరిచయం దేనికి? ఒక రోజు భీమిలిలో ఉండటానికి మనిషికి కారణం కావాలంటే ఇవన్నీ కారణాలే.

ఉండటం అన్నాను కాబట్టి బస్సు గురించి చెప్పాలి. సాయంత్రం చీకటి పడ్డాక సిటీకి వెళ్లే బస్సు కోసం బస్టాండులో ఎదురుచూసేవాళ్లు పడే టెన్షన్ ఆ టైములో ఒకసారి వచ్చి చూడండి. కారున్న పర్యాటకుడికే ఈ ఊరు సులువుగా ఉంటే, కారున్నవాళ్లకి కావలసిన ఊరుగానే ఇది మారుతుంది. ముందు పార్కింగ్, తర్వాత ఇంకా పెద్ద పార్కింగ్. పొద్దున మొదటి బస్సు చేపల పాట వేళకి అందేలా, రాత్రి చివరి బస్సు ఇంకాస్త ఆలస్యంగా ఉండేలా ఆర్టీసీవాళ్లతో మాట్లాడండి. సిటీ ఆసుపత్రుల్లో, షాపుల్లో డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చే మా ఆడపిల్లలకి కూడా అది పనికొస్తుంది.

ఊరికే విమర్శించి వదిలేశాడు అనుకోకుండా, బోర్డు మీద రాయడానికి ఒక పాఠం కూడా రాసి పంపుతున్నాను. మార్పులు మీ ఇష్టం.

“ఇది భీమునిపట్నం. గోస్తని నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఈ రేవు నుంచి బట్ట, గోగునార దేశదేశాలకి వెళ్లాయి. 17వ శతాబ్దంలో డచ్ కంపెనీ వచ్చింది, 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది, 1861లో మున్సిపాలిటీ అయింది. రైలు వేరే దారిన వెళ్లడంతో, 1933లో విశాఖ హార్బరు రావడంతో ఓడలు ఆగిపోయాయి. చేపల వేట ఆగలేదు. ఒడ్డున కనబడే పడవలు, వలలు ఇక్కడివాళ్ల జీవనాధారం, తాకేముందు అడగండి. సమాధులు, దీపస్తంభం, పాత వీధులు నడిచి చూడగల దూరంలో ఉన్నాయి. పావురాలకొండ ఎక్కడానికి పొద్దుటి పూట మంచిది. ఎర్రమట్టి దిబ్బల అంచులు ఎక్కకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలు వేటకి వెళ్లవు.”

ఇంతే. ఈ బోర్డు బీచ్‌లో కాకుండా బస్టాండులో పెట్టండి, బస్సు దిగినవాళ్లు ముందు ఊళ్లోకి నడుస్తారు. అచ్చుకి వెళ్లేముందు ప్రూఫు ఒకటి మత్స్యకార సంఘాలకి, ఒకటి ఇక్కడి హైస్కూలు మాస్టార్లకి చూపించండి. ఎక్కడ తప్పుందో వాళ్లు ఒక్క గంటలో చెప్పేస్తారు. మీరు స్వయంగా చూడ్డానికి వచ్చే పనైతే ఆదివారం వద్దు. మామూలు రోజున, 999 ఎక్కి రండి.

ఇట్లు,
భీమిలి వాసి